గవాక్షరచన



చోడవరము చుట్టుపట్ల గ్రామములయందలి పెద్దలతో కొంతసేపు ముచ్చటించు నవకాశము నాకు లభించినది. నేను ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగును, నడుమ నడుమ చరిత్రమును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. నా చదువు పాతపద్ధతి చదువు. అమరకోశము, బాలవ్యాకరణము, కొన్ని ప్రబంధములు, అంతియే. అట్టివాడు కంప్యూటరు తెరమీద కిటికీలు గీయు సాధనములనుగూర్చి మాటాడుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నేనును మొదట నవ్వుకొన్నవాడనే. తరువాత నవ్వు మానితిని. ఏల మానితినో చెప్పుటకే నేడు మీయెదుటికి వచ్చితిని.

మన చిన్నతనమున గ్రామకరణము దస్త్రము విప్పుట మీలో పెక్కురు చూచియుందురు. ఆయన కాగితముపై రూళ్లకఱ్ఱ పెట్టి గళ్లు గీసెడివాడు. ఈ గడిలో సర్వే నంబరు, ఈ గడిలో విస్తీర్ణము, ఈ గడిలో రైతు పేరు, చివర నొక వెడల్పైన గడి కైఫీయతుకు. ఏది వ్రాయుటకు చోటున్నదో, ఏది వ్రాయుటకు చోటు లేదో, గళ్లు గీసిన చేయియే నిర్ణయించెడిది. 1984లో మన రాష్ట్రమున కరణముల వ్యవస్థ రద్దయినది. 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములలోనికి కార్డ్ అను పేరితో కంప్యూటర్లు వచ్చినవి. 2001లో ఈసేవయు, 2011లో మీసేవయు, 2019లో గ్రామ సచివాలయములును వచ్చినవి. దస్త్రము తెరమీది కెక్కినది. గళ్లు మాత్రము పోలేదు. అవియు తెరమీది కెక్కినవి. కాని వానిని గీయు చేయి యెవరిది? అది యెక్కడ నున్నది? ఆ గీత యెన్నడేని మన చేతికి వచ్చు నుపాయ మున్నదా? ఈ ప్రసంగమంతయు నీ ప్రశ్నకు నాకు దొరకిన సమాధానము.

మొదట మాటలు తెలిసికొందము. తెరమీద నలుచదరముగా కనబడు పలకను కిటికీ యందురు. దానిలో ముఖ్యముగా నాలుగు జాతుల వస్తువు లుండును. చదువుటకు మాత్రమే యుండునది పేరుపలక. మనము వ్రాయుటకు విడిచిన చోటు గడి. వ్రేలితోనో మౌసుతోనో నొక్కుటకుండునది మీట. పలువానిలో నొకదాని నేఱుకొనుటకుండునది జాబితా. బ్యాంకులో కాని, రేషను దుకాణములో కాని, మీ మనుమని చేతిలోని ఫోనులో కాని మీరు చూచున దంతయు నీ నాలుగింటి కూర్పే.

పూర్వమొక కిటికీని నిర్మించుట యెట్లనగా, నిర్మాత యంత్రమునకు అంకెలలో చెప్పవలసియుండెను. పైనుండి యిన్ని చుక్కల దూరమున, ఎడమనుండి యిన్ని చుక్కల దూరమున, ఇంత పొడవు ఇంత వెడల్పు గల మీట నుంచుమని పంక్తి వెంబడి పంక్తి వ్రాయవలెను. వ్రాయునపుడు కిటికీ కనబడదు. అంతయు వ్రాసి యంత్రమును నడపించినగాని మీట వంకరగా నున్నదో, గడి గడిమీద నెక్కినదో తెలియదు. అది చీకటిలో ముగ్గు వేయుట వంటిది. వేసిన యిల్లాలికి తెల్లవాఱినగాని తప్పు తెలియదు. తెలిసిన పిమ్మట దిద్దుట మఱల చీకటిలోనే.

ఈ చీకటిలో తొలిదీపము వెలిగించినవాడు ఐవన్ సదర్లండ్ అను అమెరికా విద్యార్థి. 1963లో మసాచుసెట్సు రాష్ట్రమునందలి ఎం.ఐ.టి. యను విద్యాలయమున నాతడు తన పరిశోధనగా స్కెచ్‌ప్యాడ్ అను దానిని సమర్పించెను. లింకన్ పరిశోధనాలయమున టీఎక్స్-2 అను పెద్ద యంత్ర ముండెను. దాని తెరను కాంతికల మను పరికరముతో తాకి గీసినచో గీత పడెడిది. చేయి వణకి వంకరగా గీసిన నాలుగు గీతలను లంబకోణములుగా నిలువుడని శాసించినచో నవి తమంత సర్దుకొనెడివి. ఒక మూలచిత్రమునకు ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. మూలమును దిద్దినచో ప్రతులన్నియు దిద్దుకొనును. వ్యాకరణము చదివినవానికి ఇది పరిచితమైన పద్ధతియే. సూత్ర మొకటి, దాని కుదాహరణములు వేయి. అంకెలు వ్రాయకయే, గీయుటచేతనే యంత్రముతో మాటాడవచ్చునని లోకమునకు చూపినది స్కెచ్‌ప్యాడ్.

అయిదేండ్లకు, 1968 డిసెంబరు 9వ తేదీన, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను నాతడు పెద్దసభలో తొంబది నిమిషములపాటు తన యంత్రమును ప్రదర్శించెను. ఆయన చేతిలో నుండినది చిట్టెలుక. మౌసనగా నదియే. దాని మొదటి రూపము కొయ్యపెట్టె. అడుగున నొకదాని కొకటి అడ్డముగా రెండు చక్రము లుండెడివి. ఆ చక్రములు తిరిగిన కొలదియు తెరమీద గుఱుతు కదలెడిది. 1973లో జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున ఆల్టో అను యంత్రము తయారైనది. అదే సంస్థ 1981లో స్టార్ అను యంత్రమును విక్రయమునకు పెట్టినది. 1984 జనవరిలో ఆపిల్ సంస్థవారి మాకింటాష్ వచ్చినది. అప్పటినుండి కిటికీలు, మీటలు, జాబితాలు సామాన్యుల బల్లలమీదికి వచ్చినవి.

ఐతే యొక చిత్రము గమనింపుడు. వాడుకొనువానికి సుఖము పెరిగినకొలది నిర్మించువానికి శ్రమ పెరిగినది. తినువానికి షడ్రసములు, వండువానికి చెమట. ఒక చిన్న మీటకై పుటలకొలది యాజ్ఞలు వ్రాయవలసివచ్చెను. కావున కిటికీ గీయు నధికారము కొలదిమంది నిపుణుల చేతనే నిలిచిపోయెను.

ఈ ముడిని విప్పినవారిలో ముగ్గురను పేర్కొనవలెను. మొదటివాడు ఫ్రాన్సు దేశీయుడగు ఝాన్‌మరీ హ్యులో. ఆతడు తనదేశపు ప్రభుత్వ పరిశోధనాలయమున పనిచేయుచు, కిటికీలు కట్టు శ్రమకు విసిగి, కిటికీలు కట్టుటకే యొక కిటికీని కట్టెను. వస్తువులు ఒకప్రక్క వరుసగా నుండును. కావలసినదానిని మౌసుతో పట్టి యీడ్చి ఖాళీపలకమీద నుంచుటయే. దానికి ఇంటర్‌ఫేస్ బిల్డర్ అని పేరు. తరువాత నాతడు స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ సంస్థకు పోయి, 1988లో వెలువడిన నెక్స్ట్ యంత్రమునం దీ సాధనమును ప్రవేశపెట్టెను. దాని యందలి గొప్ప విశేష మేమనగా, మీటనుండి ఆ మీట నొక్కినపుడు పని చేయవలసిన వస్తువువఱకు మౌసుతో నొక గీత లాగినచో ఆ రెంటికిని సంబంధ మేర్పడును. 1990లో టిమ్ బెర్నర్స్ లీ స్విట్జర్లాండునందలి సెర్న్ పరిశోధనాలయమున ప్రపంచపు తొలి వెబ్ విహారిణిని నిర్మించినది ఈ నెక్స్ట్ యంత్రముమీదనే.

రెండవవాడు బిల్ అట్కిన్‌సన్. ఆపిల్ సంస్థలో నుండి 1987లో హైపర్‌కార్డ్ అను దానిని చేసెను. చీట్ల కట్టవలె నుండు నా సాధనముతో, యంత్రవిద్య నభ్యసింపని బడిపంతుళ్లు కూడ తమ పాఠములకు కావలసిన కిటికీలను తామే కూర్చుకొనిరి. నావంటి బడిపంతులకు ఈ వార్త ముప్పదియేండ్లు ఆలస్యముగా తెలిసినది.

మూడవవాడు అలన్ కూపర్. ఆతని యాలోచన నాకు మిక్కిలి నచ్చినది. వాడుకొనువా రందఱకును సరిపోవు నొకే కిటికీని చేయుట యెట్లని మొదట నాతడు ప్రయత్నించెను. ఒకరికి కావలసినది వేఱొకరికి అక్కఱలేదు. కొంతకాలమునకు, అందఱకు సరిపోవునది యేదియు నుండదనియు, భాగములను వారికే యిచ్చివేసినచో ఎవరికి కావలసినది వారే కూర్చుకొందురనియు గ్రహించెను. ఈ బుద్ధితో చేసిన సాధనమును 1988లో మైక్రోసాఫ్ట్ సంస్థ కొనినది. దానికి 1964లో డార్ట్‌మౌత్ కళాశాలలో విద్యార్థులకొఱకు పుట్టిన బేసిక్ అను సులభభాషను జోడించి, 1991లో విజువల్ బేసిక్ అను పేరితో ప్రకటించిరి.

విజువల్ బేసిక్ తెరచినవారికి మొదట కనబడున దేమో తెలియునా? బూడిదరంగు పలకమీద వరుసలు తీర్చిన చుక్కలు. అవి అచ్చముగా చుక్కల ముగ్గు! మీటను ఈడ్చి వదలినచో దగ్గఱి చుక్కకు తానే యతుకుకొనును. వరుస తప్పదు. ధనుర్మాసమున మన యాడుబిడ్డలు వాకిట చుక్కలు పెట్టి, వానియాధారముననే గీతలు నడపుట లేదా? ఆ నేర్పే ఆ సాధనమునకు పునాది. అప్పటివఱకు చీకటిలో వేసిన ముగ్గు పట్టపగటిలోనికి వచ్చినది. 1990 తరువాతి దశాబ్దమున హైదరాబాదు అమీర్‌పేట వీథులలోని శిక్షణాలయములయందు మన తెలుగు బాలు రెందఱో ఈ చుక్కల పలకమీదనే కిటికీలు కూర్చుట నేర్చి, దేశదేశములకు ఉద్యోగములకై పోయిరి.

కాని వారు కూర్చిన కిటికీలలో తెలుగు లేదు. ఇది చెప్పక తప్పదు. విజువల్ బేసిక్ యొక్క 1998 నాటి ఆఱవ కూర్పు వఱకు, దాని సొంత పేరుపలకలును గడులును సర్వభాషల యక్షరములను స్వీకరించునవి కావు. తెలుగు కావలసినవారు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు బొమ్మలను దూర్చిన అక్షరరూపములను వాడవలసియుండెను. ఆ రూపములు లేని యంత్రముపై తెఱచినచో తెలుగు మాయమై అర్థములేని యాంగ్లపు గిలుకులు కనబడెడివి. మన యక్షరములకు ప్రపంచవ్యాప్తముగా నొక స్థిరమైన సంఖ్య నిచ్చినది యూనికోడ్ అను ఏర్పాటు. దాని మొదటి కూర్పు వెలువడినది కూడ 1991లోనే. అందు తెలుగునకు స్థానము కలదు. ఐనను, అంకెలు దొరకినంతమాత్రమున గుణింతములు, ఒత్తులు తెరమీద సరిగా కూర్చుండవు. అది పదియేండ్లకు పైగా పట్టిన పని. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో సామాన్యుని యంత్రమున తెలుగు కనబడుట మొదలైనది.

ఇక వేఱొక ధార. కిటికీలు గీయు సాధనమే యొక సంస్థ సొత్తైనచో, దాని ధర పెట్టలేనివా డేమి చేయవలెను? రిచర్డ్ స్టాల్మన్ అను నాతడు 1983లో, అందఱును వాడుకొని, చదివి, దిద్ది, పంచుకొనదగిన స్వేచ్ఛాసాధనములను నిర్మించు నుద్యమమును ప్రకటించెను. ఆ మార్గమున 1997లో గ్నోమ్ అను తెరవ్యవస్థ ఆరంభమైనది. దానికి కిటికీలు గీయుటకై 1998లో గ్లేడ్ అను సాధనము వచ్చినది. మన హైదరాబాదులో స్వేచ్ఛ యను సంస్థవారు ఇట్టి సాధనములను తెలుగులోనికి తెచ్చుటకు పాటుపడిరి. ఉద్యోగములు చేసికొనుచు, విద్యార్థులై యుండి, మిగిలిన తీరికలో ఒక్కొక్క మీట పేరును తెనిగించిన ఆ యువకుల శ్రమను నేను గౌరవింతును.

ఇప్పుడు నా కథ వినుడు. 2021లో కరోనా వ్యాధివలన కళాశాలలు మూతపడియుండగా నా మనుమడు ఇంటనే యుండి తెరమీద చదువుకొనుచుండెను. మా వీథి పఠనమందిరమున మూడువందల చిల్లర పుస్తకము లున్నవి. ఎవరు ఏది తీసికొనిపోయిరో వ్రాసికొను చిట్టాపుస్తకము చెదలు పట్టినది. దానికి బదులు ఒక కిటికీని చేయుమని వానినడిగితిని. వాడు, "తాతయ్యా, నేను చేసి యిచ్చుట యెందుకు? నీవే గీయుము. నీకు కావలసినదేమో నాకంటె నీకే తెలియును" అనెను. అలన్ కూపర్ ముప్పదియేండ్లక్రిందట కనుగొన్న సత్యమునే ఆ బిడ్డ నాకు చెప్పినా డని అపుడు నాకు తెలియదు.

మొదట కాగితముమీద గీసితిని. ఇది ముఖ్యము. తెర తెఱవకమునుపే, ఎవరు దీని నుపయోగింతురు, వారికి ఏమేమి కావలెను, ఏది ముందు ఏది వెనుక యని పెన్సిలుతో గీసికొనవలెను. పుస్తకము పేరు, తీసికొన్నవారి పేరు, ఊరు, జిల్లా, తీసికొన్న తేదీ. అయిదు గడులు, ఒక మీట. పిమ్మట వాడు లాజరస్ అను ఉచితసాధనమును తెఱచెను. అందును చుక్కల పలక యున్నది. ఒకప్రక్క వస్తువుల వరుస, నడుమ పలక, మఱియొకప్రక్క గుణముల పట్టిక. ఒక మీటను ముట్టినచో దాని పేరు, రంగు, పొడవు, వెడల్పు అన్నియు ఆ పట్టికలో కనబడును. ప్రతివస్తువునకును రెండు పేర్లుండును. లోకమునకు కనబడు పేరొకటి. యంత్రము పిలుచుకొను పేరొకటి. బడి హాజరుపట్టీలో నొక పేరును, ఇంట పిలుచు పేరొకటియు మనకు లేవా?

ముగ్గు నాకు నచ్చినది. వస్తువులన్నిటిని చుక్కలకు సరిగా తీర్చితిని. వరుసలు చక్కగా నుండవలెనని, అక్షరములకు తగినట్లు పలక తానే పెరుగు గుణమును మాన్పించి, ప్రతిదానికిని ఒకే యెత్తు నేనే నియమించితిని. చూచుటకు ముత్యాలసరమువలె నుండెను. మఱునాడు మా వీథి చివరి చెఱకురైతు భాగవతము కొఱకు వచ్చెను. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకొన్నవాడు. మన ప్రాంతమున అప్పన్నలు లేని యిల్లు కలదా? ఆతని పేరును గడిలో వ్రాసి, మీట నొక్కి, పేరుపలకమీద కనబడినదానిని చూపితిని. ఆతడు కనులకద్దములు సవరించుకొని చూచి, "మాస్టారూ! నా పేరేటి ఇలాగైపోనాది? అప్పన్ననండి నేను. అపన అంటాదేటి?" అనెను.

చూచితిని. నేను నియమించిన యెత్తు ఆంగ్లాక్షరములకు చాలును. మన యక్షరములకు క్రింద ఒత్తులుండును. పలక అంచు ఆ ఒత్తులను కత్తిరించివేసినది. పకారముక్రింది పకారము పోయినది, నకారముక్రింది నకారము పోయినది. అప్పన్న అపన యైనాడు. ముప్పదియేండ్లు పిల్లలకు ద్విత్వాక్షరములు చెప్పినవాడను, నా చేతులార ఒక పెద్దమనిషి పేరులోని ద్విత్వములను నఱకివేసితిని. ఇది పఠనమందిరపు చిట్టా కనుక నవ్వుకొని దిద్దుకొంటిమి. ఇదే పట్టాదారు పాసుపుస్తకమైనచో? పింఛను కాగితమైనచో? పేరులో నొక యక్షరము తేడా వచ్చినందుకు కార్యాలయముల చుట్టు తిరిగినవారు ఈ ప్రసంగము వినువారిలో లేకపోలేదు.

మనుమడు రెండవ సాధనమగు గ్లేడును తెఱచెను. దానిలో చుక్కలు లేవు. అందు పెట్టెలుండును. నిలువుపెట్టె, అడ్డుపెట్టె, గళ్లపెట్టె. వస్తువులను పెట్టెలలో వరుసగా నుంచుదుము, ఎవరి కెంత చోటు కావలెనో వారే తీసికొందురు, ప్రక్కవారు సర్దుకొందురు. ఇది పంక్తిభోజనము వంటిది. స్థూలకాయు డొకడు వచ్చి కూర్చున్నచో వరుసలోనివారు కొంచెము జరుగుదురు. ఎవరి విస్తరియు చినుగదు. తెలుగుమాట ఆంగ్లపు మాటకంటె పొడవైనను, ఒత్తులు క్రిందికి దిగినను, పలక తానే పెరుగును. ఆ సాధనమున పేరుపలక ప్రక్కనే, దీనిని ఇతరభాషలలోనికి మార్చవచ్చునా యని యడుగు చిన్నగడి కూడ నున్నది. ఆ గడిలో గుఱుతు పెట్టినచో, మీటల పేర్లన్నియు వేఱొక పట్టికగా వెలువడును. ఆ పట్టికను తెనిగించినచో కిటికీయంతయు తెలుగగును. చుక్కల ముగ్గు చూచుటకు సొంపు. పంక్తిభోజనము మన యక్షరములకు క్షేమము. ఈ రెంటి భేదమును ప్రారంభకుడు మొదటిదినముననే తెలిసికొనవలెను.

కిటికీ రూప మంతయు నొక దస్త్రముగా నిలుచును. మీట నొక్కినపుడు ఏమి జరుగవలెనను ఆజ్ఞ వేఱొక దస్త్రమున నుండును. రంగస్థలము వేఱు, పాత్రధారి వేఱు. నొక్కినపుడు పిలువవలసిన యాజ్ఞ పేరును నేను పట్టికలో వ్రాసితిని. ఆ యాజ్ఞను నా మనుమడు పైతాన్ అను భాషలో కొలది పంక్తులతో వ్రాసెను. అంతటితో చిట్టా నడచినది.

రెండవ పాఠము మీటమీది మాట నేర్పినది. నేను పండితుడనుగదా, "నిక్షేపింపుము" అని వ్రాసితిని. ఒక పెద్దమ్మ చూచి, ఇది ఏ దేవుని మంత్రము బాబూ యని యడిగినది. సరే యని "దాచు" అని మార్చితిని. "ఎవరికీ కనబడకండా దాచేస్తాదా?" అని యామెయే భయపడినది. ఆమె సందేహము న్యాయమైనదే. ఆ మాట కా యర్థమును కలదు. చివర కామెనే యడిగితిని. "రాసి ఉంచు అనరాదూ" అనినది. అట్లే పెట్టితిని, వకారము లేకయే. వ్యావహారిక భాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు చూచినచో సంతోషించి యుండెడివారు.

మూడవ పాఠము 2022 ఏప్రిల్ 4వ తేదీన వచ్చినది. ఆనాడు మన చోడవరము విశాఖపట్టణము జిల్లానుండి విడివడి క్రొత్తగా నేర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. నా కిటికీలోని జిల్లా జాబితాలో అనకాపల్లి లేదు. ఎవరికిని అర్జీ పెట్టుకొనలేదు. ఎవరికొఱకును ఎదురుచూడలేదు. గ్లేడును తెఱచి, జాబితాలో నొక పంక్తి చేర్చి, భద్రపఱచి, కాఫీ చల్లాఱకముందే లేచితిని. నా యూరు జిల్లా మాఱిన దినముననే నా చిట్టాయు మాఱినది. రూళ్లకఱ్ఱ మన చేతిలో నుండుట యనగా నేమో ఆనాడు నాకు బోధపడినది.

నేర్వగోరువారికి ఒకమాట. సాధనములు మాఱుచుండును. గ్లేడు పాతబడినది. 2020 చివర వచ్చిన గ్నోమ్ వారి క్రొత్త పరికరసముదాయమునకు అది పనికిరాదు. ఆ పనికి దాని నిర్వాహకుడే కాంబలాచే యను మఱొక సాధనమును చేసినాడు. ఫోనులకు కిటికీలు కూర్చుటకు 2010లో గూగుల్ సంస్థలో పుట్టి, తరువాత ఎం.ఐ.టి.కి చేరిన ఆప్ ఇన్వెంటర్ ఉచితముగా దొరకును. అందు ఆజ్ఞలుకూడ వ్రాయనక్కఱలేదు. కొయ్యదిమ్మలను బోలు ముక్కల నతుకుటయే. సదర్లండ్ కాంతికలము పట్టిన విద్యాలయమునుండియే నేడు బడిపిల్లల చేతికి ఈ సాధనము వచ్చుట చరిత్రము చదివినవానికి ఆనందదాయకము. ఏ సాధనమైనను మూలసూత్రము లవే. కాగితముపై ముందు గీయుము. చోటు విడువుము. పేరు మనుష్యులను అడిగి పెట్టుము. వాడువానికి చూపి దిద్దుము.

ఈ యఱువదియేండ్ల చరిత్రమును నేను చదివినంతలో కనుగొన్న దిది. కిటికీ గీయు నధికారము పెద్ద పరిశోధనాలయమునుండి సంస్థకును, సంస్థనుండి నిపుణునకును, నిపుణునినుండి బడిపంతులకును దిగుచు వచ్చినది. ఇంకొక మెట్టు దిగవలసియున్నది. అది మన వీథి అరుగు. అరుగుమీదివారికి యంత్ర మేల యని మీరందురేమో. యంత్రము మీరు నడపనక్కఱలేదు. మీ మనుమడు నడపును. కాని చెఱకు తూకపు చిట్టాలో ఏ గడు లుండవలెనో, నీటిపన్ను పట్టీలో ఏ మాట యెవరికి తెలియునో, కౌలురైతు పేరు వ్రాయుటకు చోటుండవలెనో లేదో, అది మీకు తెలిసినట్లు వానికి తెలియదు. వానిప్రక్కన కూర్చుండుడు. కాగితమును పెన్సిలును తెమ్మనుడు. గళ్లు మీరు గీయుడు. వాడు తెరమీదికి ఎక్కించును.

గీసినపిమ్మట పరీక్ష యొక్కటి చాలును. కిటికీలో అప్పన్న అని వ్రాయుడు. ఒత్తులు రెండును నిలిచినవా యని చూడుడు. నిలిచినచో ఆ కిటికీ మనది. నిలువనిచో మఱల తెఱచి దిద్దింపుడు.